కంది చెలకలో తుమ్మికూర

మా ముత్తాత నిజాం కాలంలో ఊరి శిస్తు వసూలు చేసిన మాలీ పటేల్. మా తాత పోలీస్ పటేల్. మా వాకిట్లోకి వచ్చేవాళ్లు చెప్పులు చేత పట్టుకుని వచ్చేవారు. మోత్కూర్‌కు పడమట గట్టెక్కి చూస్తే కనిపించే చెలకలన్నీ మావేనని వింటూ, ఇతరులకు చెప్పుకుంటూ పెరిగాను. ఒక్క సంగతి మాత్రం ఎప్పుడూ చెప్పుకోలేదు. కలుపు తీయడానికి వచ్చిన ఆడవాళ్లు చేలో తనంతట మొలిచిన ఆకుకూరను ఒడిలో గిల్లుకుని సాయంత్రం ఇంటికి పోతుంటే, తాత గట్టు దగ్గర ఆపి ఒడి విప్పించి చూసేవాడు. మా ఇంటికి దోసెడు తీసిపెట్టాకే పోనిచ్చేవాడు. ఎవరూ విత్తని కూరలో కూడా మేము వాటా తీసుకున్నాం.

వినాయక చవితికి మా వైపు తుమ్మికూర తినాలి. ఆ రోజు మా ఇంటికి ఎవరో ఒకరు తెచ్చిచ్చేవారు. అమ్మ వాళ్లకు చాటెడు గింజలు పోసి పంపేది. తెలంగాణ వచ్చాక రెండో చవితో మూడో చవితో, ఎవరూ తేలేదు. అప్పటికి అమ్మ మంచం పట్టింది, చూపు ఆనేది కాదు. పొద్దున్నుంచి మూడుసార్లు అడిగింది.

"తుమ్మికూర తెచ్చిండ్రా బిడ్డా? మనింటికి తేకుంట ఉంటరా?"

అంగట్లో కుప్పలు పోసి అమ్ముతున్నారు. కానీ పది మందిలో నిలబడి ఆకు బేరమాడటానికి నాకు మనసొప్పలేదు. సంచి మడిచి చంకలో పెట్టుకుని, పండుగ పూట ఎవరూ ఉండరనుకున్న కంది చెలకలోకి వెళ్లాను.

తెల్లపూలను బట్టి తుమ్మిని గుర్తుపట్టాను. అంతవరకే తెలుసు. మొక్కలను వేళ్లతో సహా పీకి, మట్టి దులిపి సంచిలో కుక్కుతుంటే వెనక నుంచి గొంతు వినిపించింది.

"అయ్యో పటేలా, నువ్వా! ఎవలదో మేక పడ్డదనుకున్న."

చిన్నప్పటి నుంచీ మా చేలల్లో కలుపు తీసిన ముసలామె. ఇప్పుడు ఆ చెలక ఆమెదే. కొడుకు కంపెనీ జీతంతో కొనిచ్చాడు.

నేను నిటారుగా నిలబడి, "మందు కోసం. అమ్మకు కాళ్లు గుంజుతున్నయి, కషాయం పెట్టాలె" అన్నాను.

"చవితినాడే యాదికొచ్చిందా మందు?" పళ్లు లేని నోటితో నవ్వింది. "ఏదీ, సంచి ఇప్పు. మీ తాత మా ఒడి ఇప్పిచ్చి చూడలే?"

విప్పాను. ఆమె చెయ్యి పెట్టి చూసి నవ్వు ఆపేసింది.

"గిట్ల వేర్లతోని పీకుతరా? నీ ఎనక వచ్చెటోళ్లు ఏం తినాలె? పూత మీదున్నది చేదు కూడా. లేత కొసలు గిల్లాలె, మళ్ల సిగురు పెడ్తది."

నేను పీకినవన్నీ గట్టు మీద కుమ్మరించింది. తన ఒడిలోని లేత కొసలు సగానికి పైగా నా సంచిలో పోసింది.

"అమ్మకు నేనిచ్చిన అని చెప్పు. జర ఉడకబెట్టి నీళ్లు వంపాలె."

ఆమెను ఏమని పిలవాలో తెలియలేదు. మా ఇంట్లో ఆమెను పిలిచిన పిలుపు ఏదీ అక్కడ నోటికి రాలేదు. తల ఊపి వచ్చేశాను.

"కూర వచ్చిందమ్మా. ఎప్పటిలెక్కనే ఇంటికి తెచ్చిచ్చిండ్రు" అని చెప్పాను. ఎవరిచ్చారో చెప్పలేదు.

అమ్మ ముఖం విచ్చుకుంది. "చూసినవా, మనల్ని మరువలే. ఒట్టి చేతులతోని పంపకు. చాటెడు గింజలు పొయ్యి."

లోపలికి నడిచి, కాసేపు ఊరికే నిలబడి, తిరిగి వచ్చి "పోసిన" అన్నాను. మధ్యాహ్నం అమ్మ ఇష్టంగా తింది.

గింజల గదిలో గింజలు లేవు. దాని టేకు తలుపులను చౌకట్టుతో సహా అంతకు ముందటి ఏడాదే అమ్మేశాను.