అమ్మ పట్టుకున్న ఏరియల్

ఫిలింనగర్‌లో మా వీధి చివరి బండను మొన్న యంత్రం పెట్టి పగలగొడుతుంటే, కిటికీలు అదురుతున్నాయని ఇంట్లోవాళ్లు విసుక్కున్నారు గానీ, నాకు మాత్రం దానిమీద మా అమ్మ నిలబడ్డ సాయంత్రం గుర్తొచ్చి రోజంతా మనసు మనసులో లేదు.

ఎనభైల చివర్లో సినిమా పాటలకు వయొలిన్ వాయించే నాన్న పని వెంట మద్రాసు నుంచి ఇక్కడికొచ్చేశాం. నేను పుట్టకముందు అమ్మ అక్కడ సినిమాల్లో కోరస్ పాడేది. గుంపులో పాడినవి ఎన్నో ఉన్నా ఒంటరిగా పాడింది ఒక పాటలో ఒకే చరణం, ఆ సినిమా కాస్తా వారం తిరక్కుండా పోయింది, రికార్డు ఎంత వెతికినా దొరకలేదు. ఇక్కడికొచ్చాక అమ్మ కూనిరాగం కూడా మానేసింది. తన గొంతు మళ్లీ ఒక్కసారి వినాలని ఆవిడకెంత ఉండేదో నాకు తెలుసు.

మరుగున పడిన పాటలు కూడా శ్రీలంక నుంచి షార్ట్‌వేవ్‌లో వేస్తారని ఎవరో అంటే, ఉద్యోగంలో చేరగానే రేడియో కొన్నాను. కొత్తదాన్ని కదా, ముల్లు వెంట్రుకవాసి జరిగితే చైనా భాషో అరబ్బీయో, ఇంకాస్త జరిపితే ఒట్టి ఈల. ఏరియల్‌ను బట్టలారేసే తీగకు కలిపి, దానిమీదే తడి చీరలు ఆరేసుకుంటూ, స్టేషన్ ఎందుకు మాయమవుతోందా అని బుర్ర గోక్కున్న తెలివి నాది. చివరికి రేడియోను బండ ఎక్కించాక దారికొచ్చింది. అమ్మ పాట వెయ్యమని కార్డు రాశాను.

ఒక సాయంత్రం మా పేర్లు చదివి పాట వేశారు. ఏరియల్‌ను చేత్తో పట్టుకుంటే తేటగా, వదిలితే గరగరగా వస్తుంటే అమ్మ దాన్ని పట్టుకునే నిలబడింది. కింద నుంచి పక్కింటి పెద్దమ్మ, "గిదేం పాటనే, జర వస్తది, మళ్ల పోతది!" అని నవ్వింది. తీరా అమ్మ చరణం మొదలవుతూనే రేడియో గొంతు పూర్తిగా పోయింది. నా ప్రాణం ఉసూరుమంది. అప్పుడు అమ్మ, చెయ్యి తియ్యకుండానే, ఆ చరణం తనే అందుకుంది. చివరి మాట దగ్గర రేడియో తిరిగొచ్చేసరికి రెండు గొంతులూ కలిసే ఉన్నాయి. పెద్దమ్మ నవ్వు ఆపేసి, "గా రేడియోల పాడింది నువ్వేనా?" అంది. అమ్మ తలూపింది, కళ్లు తుడుచుకోవడానికైనా చెయ్యి వదల్లేదు.

ఇప్పుడు అమ్మ లేదు. ఆ పాట ఫోన్‌లో దొరుకుతోంది, గరగరలేవీ లేకుండా, ఆ చరణంతో సహా. వింటూనే ఉంటాను గానీ, అది నేనెరగని ఓ అమ్మాయి గొంతు. మా అమ్మ గొంతు రేడియో మూగబోయిన ఆ కాసేపట్లోనే ఉంది, దాన్ని ఏ స్టేషనూ వెయ్యదు.