సార్ వెతికిన చివరి రెండు పాదాలు

మహబూలాలో మా స్పానిష్ సార్ పోయారు. నేను ఎగైలాలో పనిచేసే ఇంట్లో పిల్లలకు గుడ్లు వేస్తుంటే సార్ భార్య, మేం అక్క అని పిలిచే ఆవిడ ఫోన్ చేసి, "మీ సార్ లేరు పాపా" అని పెట్టేసింది. నా మొహం చూసి, నేను మామా అని పిలిచే ఆ ఇంటి యజమానురాలు తనే వచ్చి స్టవ్ ఆపేసింది. "యల్లా, రూహీ", పద, వెళ్లు అంటూ బయటికి వేసుకునే అబాయా నా చేతికి అందించింది.

సార్‌ది కడప. హైదరాబాదులో స్పానిష్ చదువుకుని, ఈ అరబ్బు దేశంలో ఒక భాషల కేంద్రంలో ఆ భాషే చెప్పేవారు. నాకు సెలవు దొరికిన శుక్రవారాల్లో వాళ్లింటికి వెళ్లేదాన్ని. ఆయన చెప్పే కవుల సంగతులు వినడానికి, ఇళ్లలో పనిచేసే నాలాంటి ఆడవాళ్లం ఐదారుగురం చేరేవాళ్లం. అక్క టీ పెట్టేది. పద్యాలంటే మాత్రం ఆమడ దూరం. "మీరు కానియ్యండి, నాకు పొయ్యి మీద పప్పుంది" అని వంటింట్లోకి వెళ్లిపోయేది. సార్ కుర్చీలో కాళ్లు ముడుచుకుని కూర్చుని, నిన్న మొన్న పక్కింట్లో జరిగినట్టు ఎన్నో వందల ఏళ్ల సంగతులు చెప్పేవారు. స్పెయిన్‌లో బంగారు యుగం అని పేరుపడిన కాలంలో పెద్ద పెద్ద కవులు పద్యాల్లోనే ఎట్లా తిట్టుకున్నారో చెప్పి పడీ పడీ నవ్వేవారు. అంతర్యుద్ధం దగ్గరికి వచ్చేసరికి ఆ నవ్వు ఉండేది కాదు. కాల్చి చంపిన కవుల గురించి, దేశం విడిచి పారిపోయిన కవుల గురించి గొంతు తగ్గించి చెప్పేవారు.

స్పెయిన్‌లోనే ఒక మూల మాట్లాడే కాటలన్ భాషను బళ్లలో నుంచి, అచ్చులో నుంచి తరిమేసిన రోజులు ఉన్నాయట. వంటిళ్లలో తల్లులు మాట్లాడుకుంటూ ఉన్నారు కాబట్టి బతికిందన్నారు. ఆ భాషలో పాతకాలం నుంచి కవితల పోటీ ఒకటి ఉంది. బహుమతులుగా వెండి పువ్వు, బంగారు పువ్వు ఇస్తారు. అన్నిటికంటే పెద్ద బహుమతి మాత్రం తోటలో కోసిన మామూలు పువ్వు. "సాయంత్రానికి వాడిపోయేదాన్ని పైన పెట్టినారు చూడు పాపా. ఎంత ధైర్యమో వాళ్లకు" అన్నారు. ఆ రోజు బస్సులో వస్తూ దారంతా ఆ మాటే తలుచుకున్నాను.

ఒళ్లు జలదరించింది మాత్రం ఖర్జా గురించి విన్న రోజు. స్పానిష్ ఇంకా పుట్టీ పుట్టని కాలంలో, ఆ నేల మీద అరబ్బీ కవులు పండితులకే తెలిసే భాషలో పెద్ద పద్యం నడిపించి, చివర్లో ఆ భాషను వదిలేసేవారు. ఆఖరి రెండు పాదాలూ వీధిలో ఆడవాళ్లు మాట్లాడుకునే మాటల్లో, చాలాసార్లు ఒక ఆడమనిషి గొంతుతోనే వచ్చేవి. దాన్నే ఖర్జా అంటారు. అరబ్బీ లిపిలో దాక్కున్న ఆ మాటలు పాత స్పానిష్ అని పండితులు గుర్తుపట్టడానికి వందల ఏళ్లు పట్టింది. ఇంత గొప్ప సాహిత్యానికి మొదటి గొంతు పేరు తెలియని ఆడవాళ్లది. రోజంతా అరబ్బీలో బతికి, ఫోన్లో అమ్మతో మాత్రం మా రాయచోటి మాట మాట్లాడే నాకు వాళ్లెవరో తెలిసినట్టే అనిపించింది.

సార్ ఆ పద్యాలను తెలుగులోకి తెస్తున్నారు. పైభాగాలన్నీ అయిపోయాయి, ఖర్జాలు అట్లాగే ఉండిపోయాయి. అవి ఆడవాళ్ల మాటలు, తాను రాస్తే దొంగ గొంతు అవుతుందని ఆయన పట్టుదల. వాటిని మీ మాటల్లో చెప్పండని మమ్మల్ని అడిగారు. నేను వారమంతా కష్టపడి, "ప్రియతమా, నీ రాకకై నిరీక్షించుచున్నాను" అని వినిపించాను.

"ఎవురు పాపా ఈయమ్మ? రాయచోటిలో ఇట్ల మాట్లాడేటోళ్లు ఎవురూ లేరే" అన్నారు సార్. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. "కవిత్వం ఆఖర్న చెప్పులిడిసి ఇంట్లోకి రావాల" అన్నారు తర్వాత మెల్లగా. ఆ మాట నేను మరిచిపోలేదు.

గుండె జబ్బు ముదిరి ఆసుపత్రిలో పడ్డాక కూడా ఆయనకు అదే ధ్యాస. "ఒక్కటి సరిగ్గా కుదిరితే చాలు, మిగతాయి ఎట్ల చెయ్యాల్నో తెలుస్తాది. అది వినకుండానే పోతానేమో" అన్నారు నాతో. రాత్రిళ్లు ఫ్లాట్లో ఒక్కతే ఉంటున్న అక్క పక్కనే దుప్పటి సర్దుతూ, మేం ఏం మాట్లాడుకుంటున్నామో పట్టించుకోకుండా సార్ మీద విసుక్కుంది:

"గడియ పెట్టకనే పండుకుంటాండా. ఎప్పుడొస్తావో చెప్పు, ఆ పొద్దు పెట్టుకుంటా."

సార్ కళ్లు మూసుకున్నారు. పెదాలు కదిలాయి. ఆ రెండు మాటలనే తిరిగి చెప్పుకుంటున్నారు. కళ్లు తెరిచి నావైపు చూశారు. "విన్నావా పాపా?"

విన్నాను. అంత దూరం నుంచి, అన్ని భాషలు దాటి వచ్చిన గొంతు ఆ మంచం పక్కన మందుల సంచీ పట్టుకుని నిలబడి ఉంది.

"నేనేమన్నా ఇప్పుడు?" అంది అక్క అయోమయంగా.

"ఏం లేదులే. పద్యం కుదిరింది" అన్నారు సార్, ఆమె చెయ్యి పట్టుకుని.

"మాత్రలేసుకోమంటే పద్యాలంట" అంది అక్క. చెయ్యి మాత్రం విడిపించుకోలేదు. ఆ తర్వాత వారం తిరక్కుండానే ఆయన పోయారు.

సార్‌ను కడపకు పంపే కాగితాలు ఇంకా కాలేదు. అక్క ఒక్కతే ఆ ఫ్లాట్లో ఎదురుచూస్తోంది. నిన్న సాయంత్రం దాకా ఆమె దగ్గర కూర్చున్నాను. పెద్దగా ఏడవలేదు. నా చేత ఇంత అన్నం తినిపించి, గుమ్మం దాకా వచ్చి సాగనంపింది. నా వెనక తలుపు మూసుకుంది. లిఫ్టు వచ్చింది, తలుపులు తెరుచుకుని మళ్లీ మూసుకుని కిందికి వెళ్లిపోయింది. నేను ఎక్కలేదు. ఆ వరండాలో చాలాసేపు చెవులు రిక్కించి నిలబడ్డాను. లోపల గడియ పెట్టిన చప్పుడు రాలేదు.