అక్క స్కాను బెంగళూరు చేరని వారం

పులివెందులలో చీనీ (బత్తాయి) తోట చూసుకునే మా అక్కకు నడుము నొప్పి కాలిలోకి దిగింది. కుడి పాదం మొద్దుబారిపోయింది. ప్రొద్దుటూరులో ఎమ్మారై తీయించాం. బెంగళూరులోని నరాల డాక్టరు రిపోర్టు కాగితం చాలదనీ, స్కాను బొమ్మలన్నీ ఈమెయిల్లో పంపితే చూసి చెబుతాననీ అన్నాడు. స్కానింగ్ సెంటరు వాళ్లు మా ఎదుటే అడ్రసు రాసుకుని, సాయంత్రానికల్లా పంపుతామన్నారు.

నేను జమ్మలమడుగులో ఉంటాను. మరునాడు ఫోన్ చేస్తే పంపామన్నారు. బెంగళూరుకు చేస్తే, డాక్టరు సహాయకురాలు ఏమీ రాలేదంది. మళ్లీ సెంటరుకు చేశాను. ఇంకోసారి పంపామన్నారు, ఈసారి విసుక్కుంటూ. స్పామ్‌లో చూసుకోమన్నారు. ఆమె అక్కడా చూసింది, లేదు. వారమంతా ఇదే తంతు. ఈలోగా అక్క గడప దాటబోతూ పడిపోయింది. ఆ కబురు విన్నాక ఇక ఫోన్లు కట్టిపెట్టి ప్రొద్దుటూరు బస్సెక్కాను.

కంప్యూటరు ముందు కూర్చున్నతను సెంట్ మెయిల్స్‌లో ఉంది కదా మేడం అంటూ తెర నా వైపు తిప్పాడు. ఉంది, నిజమే. ఇన్‌బాక్స్ తెరవమన్నాను. దానితో మాకు పనుండదన్నాడు.

"తెరువప్పా. నువ్వు తెరిసేదాకా నేను ఈడ్నుంచి కదల్ను."

తెరిచాడు. అతను పంపిన ప్రతి మెయిలుకూ అప్పటికప్పుడే జవాబు వచ్చి, ఎవరూ చదవకుండా పడి ఉంది. ఫైలు ఉండాల్సినదాని కంటే పెద్దది, చేరలేదు అని. కింద ఇంకెవరెవరి పేర్లతోనో అలాంటివే ఉన్నాయి. నాకు ఒళ్లు మండిపోయింది.

"పోలేదని అది చెప్తానే ఉంది గదప్పా. ఒక్కసారన్నా చదవలేదా నువ్వు?"

పెద్ద ఫైలు పోదని తమకెవరూ చెప్పలేదన్నాడు. లోపలి నుంచి మేనేజరు వచ్చి, పేషెంట్లున్నారు, మెల్లగా మాట్లాడమన్నాడు. ఆ పేషెంట్లకు వినబడాలనే ఇంకా గట్టిగా మాట్లాడాను.

చివరికి బొమ్మలు ఆన్‌లైన్ డ్రైవ్‌లో పెట్టి లింకు పంపారు. అదీ బెంగళూరులో తెరుచుకోలేదు, చూసే అనుమతి ఇవ్వలేదట. పక్కనే నిలబడి అదీ మార్పించాను. బొమ్మలు కనిపిస్తున్నాయని సహాయకురాలు తన నోటితో చెప్పేదాకా ఫోన్ పెట్టలేదు. మెయిళ్లు చేరని మిగతా వాళ్లకూ ఫోన్ చేసి చెప్పమంటే సరేనన్నారు. చేశారో లేదో.

ఆ మధ్యాహ్నమే డాక్టరు ఫోన్ చేసి, ఆలస్యం చేయకుండా తీసుకురమ్మన్నాడు. ఆపరేషన్ అయింది. నొప్పి పోయింది గానీ పాదం పూర్తిగా పైకి లేవడం లేదు. వారం ముందే వచ్చుంటే లేచేదా అని అడిగాను. చెప్పలేమన్నాడు. అవుననో కాదనో అన్నా కొంత నయంగా ఉండేది.

"పోనీలే మే, ఆ పిల్లోడు తెలీక చేసినాడు. ఇంకా ఎన్నాళ్లు తిట్టుకుంటాంటావు?" అంటుంది అక్క.

తెలియక కాదు. తెలుసుకోవడం తన పని కాదనుకున్నాడు. అక్క వాణ్ణి క్షమించింది, అది ఆమె ఇష్టం. తోటలో గట్టు దిగేటప్పుడు ఆమె నా భుజం పట్టుకుంటే, నాకు మాత్రం ఆ కోపం మళ్లీ మొదటికొస్తుంది.