హిద్ రేవులో డ్రాయింగులో లేని పందిరి

హిద్ తీరంలోని చిన్న రేవులో, స్టోరుగది ఉత్తరపు గోడకు ఆనుకొని ఒక రేకుల పందిరి, దాని కింద నాలుగు బెంచీలు వేయించాము. అవి మొదటి నుంచీ డ్రాయింగులోనే ఉన్నాయని తరువాత పనిచేసినవారు చెప్పుకోవడం విన్నాను. విని ఊరుకోవడం నా స్వభావం కాదు కనుక ఇది రాస్తున్నాను.

1994లో బహ్రెయిన్‌లో ఆ రేవు నిర్మాణానికి నేను సైట్ సూపర్‌వైజర్‌ని. పని డ్రాయింగు ప్రకారం జరుగుతున్నదో లేదో చూడడమే నా ఉద్యోగం. అంతవరకు ఏ సైటులోనూ డ్రాయింగును అంగుళమైనా దాటలేదు, ఎవరినీ దాటనివ్వలేదు.

మంచినీటి కుళాయి, మెట్లు, కూర్చునే చోటు వంటి సౌకర్యాలను మా వృత్తిలో ‘హార్బర్ అమెనిటీస్’ అంటారు. వాటిని గీసినవాడు బ్రెండన్ అనే ఐర్లండు ఇంజనీరు. సముద్రపు ఒడ్డున ఉన్న తన చిన్న ఊరి రేవునే మనసులో ఉంచుకొని గీశాడు. బెంచీలన్నీ దక్షిణపు గోడ వెంట, పైన కప్పు లేకుండా. పక్కన ఒక గమనిక: రోజంతా ఎండ తగలవలెను.

బెంచీల కోసం గుంతలు తవ్విస్తున్న మేస్త్రీ రాజన్న ఆగిపోయాడు. అతనిది జగిత్యాల వైపు; గల్ఫులో ఏ దేశమైనా వాళ్లకు దుబాయే.

“దుబాయిల ఎండకు కరువొచ్చిందా సార్? ఈడెవడు కూసుంటడు? మేమైతే క్రేను కిందికే పోతం. ఇంత నీడ దానిదొక్కటే.”

అతనన్న మాట నిజం. పడవ కోసం వేచి ఉండే కూలీలు మధ్యాహ్నం క్రేను కిందే నడుం వాల్చేవారు. ఆ వారమే ఒకతని పాదాల పక్కన క్రేను ఇనుప బకెట్ వచ్చి పడింది. నేను కాంక్రీటు ఆపించాను.

మా కంపెనీ మేనేజరు వచ్చాడు. “డ్రాయింగు మార్చడానికి మీరెవరు? యల్లా, పని నడిపించండి. లేదంటే ఖలాస్, ఇంటికి టికెట్టు తీసుకోండి.”

“టికెట్టు తెప్పించండి. నేనున్నంతవరకు ఈ గుంతల్లో కాంక్రీటు పడదు.”

అతణ్ని దాటి ఇంజనీరుకు నేనే ఫోన్ చేశాను. క్రమం తప్పి నడవడం నాకదే మొదలు. మరునాడు మధ్యాహ్నం బ్రెండన్ వచ్చేసరికి, అతడు గీసినచోటనే, కాంక్రీటు లేకుండా, ఒక బెంచీ వేయించి ఉంచాను.

“కూర్చోండి. టీ తాగి మాట్లాడుకుందాం.”

కూర్చున్నాడు. టీ సగమైనా కాకముందే లేచాడు.

“మా ఊళ్లో ఎండ వస్తే దుకాణాలు మూసి అందరూ రేవుకు చేరతారు” అన్నాడు, కొంత నొచ్చుకుంటూ.

“మా కాకినాడలో ఎండ వస్తే గొడుగు తెరుస్తాం.”

నవ్వాడు. అప్పుడే క్రేను వైపు చూశాడు. “వాళ్లు అక్కడెందుకు పడుకున్నారు?”

“మీ బెంచీ మీద కూర్చోలేక.”

అతడు నవ్వు మాని పెన్సిల్ అడిగాడు. బెంచీలను ఉత్తరానికి, గాలి వచ్చే వైపుకు మార్చి, పైన కప్పు గీసి సంతకం చేశాడు.

మేనేజరు నా కాంట్రాక్టు పొడిగించలేదు. పొడిగించమని నేనూ అడగలేదు. డ్రాయింగును పాటించడం క్రమశిక్షణే. అందులో మనుషులకు చోటు లేనప్పుడు పని ఆపడం కూడా క్రమశిక్షణే అని ఆ రేవు నాకు నేర్పింది. మళ్లీ ఆ గుంతల దగ్గర నిలబెడితే మళ్లీ ఆపుతాను.

ఆ రేవులో పనిచేసినవారు ఇది చదివితే, బెంచీల లెక్కలోనో దిక్కుల్లోనో నా పొరపాట్లుంటే సరిదిద్దండి. పందిరి మొదటి నుంచీ డ్రాయింగులో ఉండేదని మాత్రం చెప్పకండి.