శామ్యూల్ గారు చదవకుండా సంతకం పెట్టిన పేజీ

మొన్న మధ్యాహ్నం మా ఆఫీసులో కరెంటు పోయి జనరేటర్ మొదలైంది. కిటికీలోంచి డీజిల్ పొగ వాసన వచ్చింది. పక్క సీటు అమ్మాయి చున్నీ ముక్కుకు అడ్డం పెట్టుకుని పని చేసుకుంటూనే ఉంది. నాకు మాత్రం దాదాపు ఇరవై ఏళ్ల కిందటి అనకాపల్లి, శామ్యూల్ గారి ముఖం కళ్లముందుకు వచ్చాయి.

అప్పట్లో కాల్ సెంటర్లు వస్తున్నాయని రోజూ పేపర్లో చదివేవాళ్లం. చెరకు, వరి, బెల్లం తెలిసిన మా ఊరికీ అలాంటి కంపెనీ ఒకటి రప్పించాలని స్థానిక అధికారులు చిన్న విభాగం ఒకటి పెట్టారు. దానికి పెద్ద శామ్యూల్ గారు. రాజయ్యపేట సముద్రం ఒడ్డున పుట్టి, హాస్టల్లో చదువుకుని పైకొచ్చిన మనిషి. నేను కాంట్రాక్టు మీద చేరిన టైపిస్టుని. కంపెనీకి చూపించాల్సిన మేడను ఆయనే టేపు పట్టుకుని కొలిచారు. ఇంగ్లీషు మాట్లాడగల డిగ్రీ పిల్లల కోసం నాతవరం దాకా బస్సుల్లో తిరిగారు. అలా రాసుకున్న పేర్ల జాబితాలో ఆయన కూతురు షారోన్ కూడా ఉంది. సాయంత్రాలు ఆఫీసుకు వచ్చి, నా బల్ల మీది ఫోను చెవికి ఆనించుకుని, అవతల ఎవరూ లేకపోయినా ఇంగ్లీషులో చక్కగా మాట్లాడేది.

హైదరాబాద్ కంపెనీకి పంపే నివేదికలో మూడో పేజీ కరెంటు గురించి. 'రోజుకు నాలుగు గంటలు కోత ఉంటుంది' అని శామ్యూల్ గారు చేత్తో రాసిచ్చారు. నాకు భయం పట్టుకుంది. మిగతా ఊళ్లవాళ్లు ఇలా రాస్తారా? కంపెనీ రాకపోతే ఈ విభాగం ఎన్నాళ్లుంటుంది, నా కాంట్రాక్టు ఏమవుతుంది? ఎవరూ చెప్పలేదు, నేనే 'కోత లేదు' అని టైపు చేశాను. ఆయన చివరి పేజీ తిప్పి, "నువ్వు సూసేవు కదమ్మా, సాలు" అని సంతకం పెట్టేశారు.

కంపెనీవాళ్లు వచ్చేదాకా నాకు అన్నం సరిగా సహించలేదు. వెళ్లి చెప్పేద్దామని రెండుసార్లు ఆయన గది గుమ్మం దాకా పోయి, ఫైలు కోసం వచ్చినట్టు నటించి తిరిగొచ్చాను.

వాళ్లు వచ్చిన రోజు, కంపెనీ తరఫున మాట్లాడినామె మూడో పేజీ తెరిచి, "మీ ఊళ్లో కరెంటు కోత లేదన్నారు, మాకు ముఖ్యమైనది అదేనండీ" అంది. శామ్యూల్ గారు కాగితం తీసుకుని చూశారు. నావైపు చూడలేదు. గుమ్మం దగ్గర ఇస్త్రీ చీరలో షారోన్, తక్కిన పిల్లలు ఇంటర్వ్యూ కోసం నిలబడి ఉన్నారు.

"ఇది తప్పండి. రోజుకు నాలుగు గంటలు పోతుంది. సంతకం నాది, తప్పు నాదే" అన్నారు.

ఆమె పుస్తకంలో ఏదో రాసుకుంది. టీ తాగారు, మేడ చూశారు, వెళ్లిపోయారు. పిల్లలను పిలవనేలేదు. నెల తిరక్కుండా ఉత్తరం వచ్చింది, విశాఖలోనే పెట్టుకుంటున్నామని. ఊళ్లో అందరూ శామ్యూల్ గారినే అన్నారు. చేతికందినదాన్ని నోటితో పోగొట్టాడని. ఆయన విన్నారు, ఊరుకున్నారు.

ఇంకో నెల నేనూ ఊరుకున్నాను. తర్వాత ఒక ఆదివారం, వాళ్లు చర్చి నుంచి వచ్చే వేళకు ఇంటికి వెళ్లాను. షారోన్ మంచినీళ్లు తెచ్చిచ్చింది. గ్లాసు పట్టుకునే, ఆ పేజీలో మాట మార్చింది నేనేనని చెప్పాను.

"తెలుసమ్మా. ఆ రోజే తెలుసు" అన్నారు.

"మరి నన్ను అడగలేదేటండీ?"

"నీ మొహం సూసేను. అడిగుంటే భయానికి ఇంకో అబద్ధం ఆడేదానివి. రెండోది కూడా ఎందుకు ఆడించడం? నీ అంతట నువ్వే వత్తావనుకున్నాను."

షారోన్ నా చేతిలోంచి గ్లాసు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. మళ్లీ ఎప్పుడూ నాతో మాట్లాడలేదు.

ఇప్పుడు నా కింద నలుగురు పనిచేస్తున్నారు. ఎవరి కాగితంలోనైనా తప్పు కనిపిస్తే నలుగురిలో అడగను. వాళ్ల భయం దిగేదాకా ఆగుతాను. అది శామ్యూల్ గారి చలవే. ప్రతి పేజీ చదివే సంతకం పెడతాను. అది ఆయన నా వల్ల పడ్డ మాటల చలవ. ఇంత నేర్చుకున్నాక కూడా, విశాఖ వెళ్లే రైల్లో షారోన్ లాంటి ముఖం కనిపిస్తే చాలు, తర్వాతి స్టేషన్లో దిగి పెట్టె మారిపోతాను.