ఏ గొంతు మోతీది?

దేవ్లా కాకా బొగ్గుబాయిల పనిచేసి రిటైరయిండు. భార్య మోతీ చనిపోయినంక, తమ పెండ్లినాటి క్యాసెట్ పట్టుకొని కొత్తగూడెంల నా దుకాణానికొచ్చిండు, పాటలు ఫోన్ల ఎక్కించమని. వాళ్ల తండాల పెండ్లికూతురు అత్తారింటికి పోయేటప్పుడు ఆడోళ్లను ఒక్కొక్కరినే కావలించుకొని పాట కట్టి ఏడుస్తది. వాళ్లూ గట్లనే ఏడుస్తరు. క్యాసెట్ నిండా కలగలిసిన ఆ ఏడుపే.

"మోతీ గొంతొక్కటే పెద్దగ వినపడాలె ఖయ్యూం" అన్నడు.

"ఏది ఆమెది?"

మళ్ల మళ్ల విన్నడు. ఒకసారి ఇదన్నడు, ఇంకోసారి అదన్నడు. నాకు చిర్రెత్తుకొచ్చింది.

"ఇన్నేండ్లు కాపురం చేసినవ్, గుర్తుపట్టలేవా కాకా?"

హెడ్‌ఫోన్లు తీసి నా దిక్కు అయోమయంగ చూసిండు.

"నా ముందట ఎన్నడూ పాడలె బిడ్డా. ఏడ్వనూ లేదు."