అన్న సర్దిన చెప్పులు

మా అన్నకు యాభై రెండేళ్లు. బుద్ధి మాత్రం వయసుతో పాటు పెరగలేదు. నాందేడ్‌లో, రైల్వేలో రిటైరయ్యాక నాన్న కట్టించిన ఇంట్లో ఇప్పుడు మేమిద్దరమే ఉంటున్నాం. ఈ మధ్య అన్న నన్ను "చెల్లె" అని పిలవడం తగ్గించాడు. నన్ను కూడా మరిచిపోతున్నాడేమోనని భయపడి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను.

"ఆజ్ కోణ్తా వార్?" అని డాక్టరు మరాఠీలో అడిగాడు. ఇవాళ ఏ వారమో అన్నకు ఎన్నడు తెలుసు గనక! నవ్వాడు. వందలోంచి ఏడు తీసెయ్యమంటే ఇంకా నవ్వాడు. డాక్టరు వరసగా సున్నాలు వేస్తుంటే నాకు ఒళ్లు మండింది. ఇవేవీ మా అన్నకు మొదట్నుంచీ రావన్నాను.

"మరి ఏమేం వచ్చేవో రాసుకుని రండి. అందులో ఏది పోయిందో చూద్దాం" అన్నాడు.

ఇంటికొచ్చి నోట్‌బుక్ ముందేసుకున్నాను. ఏం వచ్చేది? మొన్న స్నానానికని వంటింట్లోకి వెళ్లాడు. అది మరుపా, మొండితనమా? చిన్నప్పుడూ అలాంటివి చేసేవాడు. ఇన్నేళ్లు పక్కనే ఉండి, అన్నకు ఏం తెలుసో నాకే తెలియదు. సిగ్గేసింది.

చివరికి చెప్పులు గుర్తొచ్చాయి. ఇంట్లో పూజ అయితే, కర్ఖేలి నుంచి వచ్చిన చుట్టాలందరి చెప్పుల్నీ అన్న జతలు కలిపి, వెళ్లేటప్పుడు కాలు పెట్టడానికి వీలుగా వీధివైపు తిప్పి పెట్టేవాడు. ఎవరివి ఏవో ఒక్కసారీ తప్పలేదు. అమ్మ పోయి నాలుగేళ్లయినా ఆమె చెప్పుల్ని గడప దగ్గరి నుంచి తీయనివ్వలేదు.

ఇంట్లో ఉన్న చెప్పులన్నీ కలిపి కుప్ప పోశాను. "అన్నా, జర సదురు" అన్నాను.

ఒక్కొక్కటీ ఎత్తి చాలాసేపు చూశాడు. తనవి సరిగ్గానే కలిపాడు. తర్వాత నా ఎడమ చెప్పు, అమ్మ కుడి చెప్పు పక్కపక్కన పెట్టి వీధివైపు తిప్పాడు.

"ఇవి ఎవ్వరియి అన్నా?"

"నీయే. తొడుక్కో."

"నేనెవర్ని?"

నా మొహంలోకి చూశాడు. "తప్పయిందా?" అన్నాడు. అన్న నోట ఆ మాట నేనెప్పుడూ వినలేదు.

"లేదన్నా, మంచిగ పెట్టినవ్" అని తొడుక్కున్నాను. అమ్మది బాగా బిగుతు. వీధి మలుపు దాకా అలాగే కుంటుకుంటూ నడిచి వెనక్కి చూశాను. అన్న గడపలో నిలబడి చెయ్యి ఊపుతున్నాడు. నాకో, అమ్మకో.